పాన్ లైటు నిలబడేదాకా: మారతహళ్లిలో మోడెమ్ మార్పిడి డైరీ

శుక్రవారం రాత్రి

ఇల్లు బెంగళూరులో మారతహళ్లి వైపు, మూడంతస్తుల బిల్డింగులో రెండో అంతస్తు. వీధి స్తంభం మీదనుంచి బాల్కనీలోకి దిగిన ఫైబర్, నాలుగేళ్ల నాటి డ్యూయల్ బ్యాండ్ మోడెమ్, 200 ఎంబీపీఎస్ ప్లాన్. ఆ పెట్టె అసలు పేరు ఓఎన్‌టీ. ఇళ్లలో అందరూ మోడెమ్ అనే అంటారు గనక ఈ డైరీలోనూ అదే మాట.

వారం రోజులుగా రోజుకు పది పదిహేను సార్లు దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. ఈ సాయంత్రం నుంచి ఇంటర్నెట్ పూర్తిగా లేదు. పవర్ లైటు వెలుగుతోంది, ప్రొవైడరుతో కనెక్షన్ కుదిరిందో లేదో చెప్పే పాన్ లైటు ఆగకుండా మిణుకుమంటోంది. ఎరుపు ఎల్‌ఓఎస్ లైటు, లైన్‌మ్యాన్ల మాటలో లాస్ లైటు, మాత్రం వెలగడం లేదు. ఈ తేడా పట్టుకోవాలి. లాస్ ఎర్రగా ఉంటే వీధిలోంచి వెలుగే రావడం లేదని అర్థం: వైరు తెగిందో, కనెక్టరు ఊడిందో, మోడెమ్‌లో వెలుగు అందుకునే భాగం పోయిందో. లాస్ ఆరిపోయి పాన్ మిణుకుతుంటే వెలుగు వస్తోంది, కానీ అవతల ప్రొవైడరు దగ్గరుండే పెట్టె, అంటే ఓఎల్‌టీతో మాట కుదరడం లేదని అర్థం.

కస్టమర్ కేర్‌కు లైట్ల సంగతి చెప్పగానే వచ్చిన జవాబు: "మోడెమ్ హోగిదె సర్, హొసదు హాక్బేకు." మోడెమ్ పోయింది, కొత్తది పెట్టాలి. కావచ్చు. కానీ కొలవకుండా మారిస్తే, మోడెమ్‌తో పాటు ఇంకేమైనా పాడై ఉంటే అది కొత్తదాని నెత్తిన పడుతుంది. అందుకని మూడు చోట్ల కొలత: కరెంటు, వెలుగు, రిజిస్ట్రేషన్. ఇదే వరసలో.

ముందు అడాప్టరు. దాని మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంది. మల్టీమీటరు పెడితే 12.2 వోల్టులు. చాలామంది ఇక్కడే ఆగి అడాప్టరు బాగుందనేస్తారు. లోడు లేకుండా కొలిచిన వోల్టేజీని నమ్మకూడదు. బైకు ఇండికేటరులో వాడే 12 వోల్టుల 10 వాట్ల బల్బు ఒకటి తగిలించాం. అది సుమారు 0.8 ఆంపియర్లు లాగుతుంది, మోడెమ్ వైఫై నడుపుతున్నప్పుడు లాగేదీ దాదాపు అంతే. బల్బు తగలగానే 12.2 కాస్తా 9.6కి పడిపోయింది, బల్బు సన్నగా వణుకుతూ వెలిగింది. అదే బల్బును సెటాప్ బాక్సు అడాప్టరుకు పెడితే 11.9 దగ్గర కదలకుండా నిలబడింది.

కారణం అడాప్టరు లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. వేడికి లోపలి ద్రవం ఎండిపోతుంది, నిలువ చేసే శక్తి తగ్గుతుంది, లోడు పడగానే వోల్టేజీ కుంగుతుంది. మోడెమ్ బూట్ అవుతుంది, వైఫై లేచిన క్షణంలో కరెంటు చాలక మళ్లీ మొదటికి వస్తుంది. రీస్టార్ట్‌లకు మూలం ఇదే. అడాప్టరు విప్పి కెపాసిటరు మార్చడం సాధ్యమే గానీ వద్దు. 230 వోల్టుల ఏసీని డీసీ చేసిన వైపు కెపాసిటరులో 320 వోల్టుల పైచిలుకు ఉంటుంది, ప్లగ్గు తీసిన తర్వాత కూడా కాసేపు నిలిచే ఉంటుంది. రెండు మూడొందల రూపాయల వస్తువు కోసం అందులో వేలు పెట్టక్కర్లేదు.

సెటాప్ బాక్సు అడాప్టరు 12 వోల్టులు, 2 ఆంపియర్లు. పిన్ను కూడా అదే కొలత: బయట 5.5 మి.మీ., లోపల 2.1 మి.మీ., మధ్యది ప్లస్. వోల్టేజీ సరిగ్గా అదే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా నష్టం లేదు. దాన్ని మోడెమ్‌కు పెట్టాక గంటన్నరలో ఒక్క రీస్టార్ట్ కూడా లేదు. అయినా పాన్ లైటు మిణుకుతూనే ఉంది. అంటే ఇవి రెండు వేరువేరు జబ్బులు. ఇంత తేలేసరికి రాత్రి పదకొండయింది.

శనివారం పొద్దున

బ్రౌజరులో 192.168.1.1 తెరిచి ఆప్టికల్ స్టేటస్ పేజీ చూశాం. అందుకుంటున్న వెలుగు మైనస్ 20.6 డీబీఎం. పంపుతున్న వెలుగు గడి ఖాళీ. రిజిస్ట్రేషన్ స్థితి ఓ3.

డీబీఎం లెక్క అలవాటు లేనివాళ్లకు రెండు ముక్కలు. సున్నా డీబీఎం అంటే ఒక మిల్లీవాట్. ప్రతి మైనస్ 10కి పదో వంతు అవుతుంది, ప్రతి మైనస్ 3కి సగమవుతుంది. మైనస్ 20 అంటే పది మైక్రోవాట్లు. మైనస్ 27 అంటే రెండే మైక్రోవాట్లు. జీపాన్ అనేది ఈ ఫైబర్ నెట్‌వర్క్ పద్ధతి పేరు. దాని ప్రమాణాల్లో ఎక్కువగా వాడే బీ ప్లస్ తరగతి మోడెమ్‌కు మైనస్ 27 కింది గీత, మైనస్ 8 పై గీత. వెలుగు మరీ ఎక్కువైనా కళ్లు చెదిరినట్టు రిసీవరు తడబడుతుంది. మైనస్ 16 నుంచి మైనస్ 23 మధ్య ఉంటే నిశ్చింత. వీధిలో ఒక్కో ఫైబర్‌ను రెండు దశల్లో ఎనిమిదేసి పాయలుగా చీల్చి 64 ఇళ్లకు పంచుతారు. ఆ చీలికలకే సుమారు 21 డీబీ పోతుంది, కనెక్టర్లకూ దూరానికీ ఇంకో రెండు మూడు. ఓఎల్‌టీ ప్లస్ 4తో పంపితే ఇంటికి చేరేది మైనస్ 20 చుట్టుపక్కలే. కాబట్టి మన వెలుగులో లోపం లేదు.

పంపే గడి ఖాళీగా ఉంది కదా, లేజర్ కాలిపోయిందని తీర్మానించవచ్చా? తొందరపడకూడదు. జీపాన్‌లో ఇళ్లన్నీ ఒకే 1310 నానోమీటర్ల వెలుగు మీద పైకి పంపుతాయి. ఒకదానిమీద ఒకటి పడకుండా ఓఎల్‌టీ ఒక్కో మోడెమ్‌కు సమయం పంచి ఇస్తుంది. పిలుపు వచ్చినప్పుడే లేజర్ వెలగాలి. రిజిస్టరు కాని మోడెమ్‌కు సొంత వంతు లేదు, అందువల్ల మంచి మోడెమ్‌లోనూ ఆ గడి ఖాళీగా కనిపించవచ్చు. ఓ3 అంటే మోడెమ్ తన సీరియల్ నంబరు చెప్పుకునే దశ. అక్కడే ఇరుక్కుందంటే రెండే కారణాలు: చెప్పేది అవతల వినబడటం లేదు, లేదా వినబడినా ఆ నంబరు ఓఎల్‌టీ జాబితాలో లేదు.

ఇక్కడ పాత లెక్కలు అక్కరకొచ్చాయి. నిరుడు ఇదే పేజీని ఫొటో తీసి పెట్టుకున్నాం: పంపే వెలుగు 2.2 డీబీఎం, లేజర్ తాగే బయాస్ కరెంటు 13 మిల్లీ ఆంపియర్లు, వేడి 58 డిగ్రీలు. మొన్న బుధవారం తీసిన ఫొటోలో పంపే వెలుగు 0.1, బయాస్ 38, వేడి 67. లేజర్ ముసలిదయ్యేకొద్దీ అదే వెలుగు ఇవ్వడానికి ఎక్కువ కరెంటు తాగుతుంది, తాగినా వెలుగు తగ్గిపోతూ వస్తుంది. బీ ప్లస్ తరగతిలో మోడెమ్ కనీసం 0.5 డీబీఎం పంపాలి. బుధవారానికే గీత దాటింది. లేజర్‌ను అన్నిటికన్నా తొందరగా ముసలిదాన్ని చేసేది వేడి. ఈ మోడెమ్ నాలుగేళ్లూ ఇన్వర్టరు పైన, తలుపున్న చెక్క పెట్టెలో ఉంది.

అయినా సాక్ష్యం ఇంకొకటి కావాలి. మార్చి చూడటమే గట్టి పరీక్ష. కింది అంతస్తువాళ్లదీ ఇదే ప్రొవైడరు, అదే స్తంభం డబ్బాలోంచి వచ్చిన లైను. వాళ్ల అనుమతితో వాళ్ల మోడెమ్‌ను పది నిమిషాలు పైకి తెచ్చి మా ఫైబర్‌కు పెట్టాం. నిమిషం లోపే పాన్ లైటు నిలబడింది. మా మోడెమ్‌ను వాళ్ల ఫైబర్‌కు పెడితే అక్కడా మిణుకే. తీర్పు స్పష్టం: లైను బాగుంది, మా మోడెమ్ నోరు పడిపోయింది. రెండు ఇళ్లూ ఓఎల్‌టీలో ఒకే పోర్టు మీద ఉన్నప్పుడే ఈ పరీక్ష పనికొస్తుంది. వేరే పోర్టు అయితే మంచి మోడెమ్ కూడా రిజిస్టరు కాదు, అనుమానం తప్పుదారి పడుతుంది.

పాడైన మోడెమ్‌ను ఫైబర్‌కు తగిలించి వదిలేయకూడదు. అరుదుగా లేజర్ ఆరకుండా వెలుగుతూ ఉండిపోయే జబ్బు వస్తుంది. అప్పుడు ఆ ఒక్క పెట్టె మిగతా 63 ఇళ్ల వంతులనూ చెడగొడుతుంది. పరీక్ష అవగానే ఫైబర్ తీసి మూత పెట్టాం. తీసి ఉన్న ఫైబర్ మొనలోకి కన్ను పెట్టి చూడవద్దు. అది కంటికి కనబడని వెలుగు, కనబడలేదని లేనట్టు కాదు.

ఈ తీసి పెట్టడంలోనే మూడో లోపం బయటపడింది. మా ఆకుపచ్చ కనెక్టరు వెనక మూత విరిగి ఉంది. కొంచెం కదిపితే వెలుగు మైనస్ 20.6 నుంచి మైనస్ 25కి జారుతోంది. కొత్త మోడెమ్ పెట్టి ఊరుకుంటే నెలలోపే మళ్లీ ఫోను చేయాల్సి వచ్చేది.

శనివారం మధ్యాహ్నం, ఎస్పీ రోడ్

కొనే ముందు ప్రొవైడరు టెక్నీషియన్‌ను ఐదు విషయాలు అడిగి రాసుకున్నాం. లైను జీపానా, దానిలాంటి మరో పద్ధతి ఈపానా? సీరియల్ నంబరుతో రిజిస్టరు చేస్తారా, లాగిన్ ఐడీతోనా? ప్యాకెట్ల మీద ముద్రగా వేసే వీలాన్ నంబరెంత? కనెక్షన్ పీపీపీఓఈనా, అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వేయాలా? వేరే బ్రాండు మోడెమ్‌ను మీ ఓఎల్‌టీ ఒప్పుకుంటుందా? చివరిది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. కాగితం మీద ప్రమాణం ఒకటే అయినా, మోడెమ్‌కు ఓఎల్‌టీ సెట్టింగులు పంపే భాషలో కంపెనీకో యాస ఉంటుంది. రిజిస్టరు అవుతుంది, లైటు నిలబడుతుంది, కానీ డేటా పారదు. టెక్నీషియన్ మాట: "అన్నా, బ్రిడ్జ్‌లో పెడితే ఏ బ్రాండైనా నడుస్తుంది. రూటర్ మోడ్ మాత్రం నేను గ్యారంటీ ఇవ్వలేను." అతనిది హిందూపురం, కన్నడం తెలుగు కలిపి మాట్లాడే మనిషి, పని తెలిసినవాడు. బ్రిడ్జ్ అంటే మోడెమ్ వెలుగును ఈథర్నెట్‌గా మార్చి ఊరుకుంటుంది, లాగిన్ పని వేరే రూటరుది.

దాంతో నిర్ణయం తేలికైంది. అన్నీ ఒకే డబ్బాలో ఉన్న మోడెమ్ వద్దు. వెలుగును ఈథర్నెట్‌గా మార్చే చిన్న ఓఎన్‌యూ బాల్కనీ దగ్గర, వైఫై రూటరు హాలు మధ్యలో. వేడి రెండుగా పంచుకుపోతుంది. ఒకటి పోతే అదొక్కటే మార్చుకోవచ్చు. ఫైబర్ ఎక్కడ దిగిందో వైఫై కూడా అక్కడే ఉండాలన్న బాధ తప్పుతుంది. ఖర్చు కాస్త ఎక్కువ, అయినా ఇదే మంచి పద్ధతి.

కుందలహళ్లి స్టేషన్లో మెట్రో పర్పుల్ లైను ఎక్కి మెజెస్టిక్, అక్కడ గ్రీన్ లైను మారి చిక్కపేట. అక్కడినుంచి ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్‌కు నడకే. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, శనివారమే పోవాలి. మా బిల్లు: ఒక గిగాబిట్ పోర్టున్న ఎక్స్‌పాన్ (జీపాన్, ఈపాన్ రెండిటికీ పనికొచ్చే) ఓఎన్‌యూ 1,150 రూపాయలు, గిగాబిట్ పోర్టుల డ్యూయల్ బ్యాండ్ రూటరు 2,400, రెండువైపులా క్రింప్ చేసిన క్యాట్ 6 కేబులు 15 మీటర్లు 450, ఎస్సీ ఏపీసీ ఫాస్ట్ కనెక్టర్లు నాలుగు 160, ఐసోప్రొపైల్ ఆల్కహాలు చిన్న సీసా 120. గాజు పోగును విరిచే క్లీవరు, పూత ఒలిచే స్ట్రిప్పరు, వెలుగు కొలిచే పవర్ మీటరు కలిపిన కిట్టు 2,300. కిట్టును మూడు అంతస్తులవాళ్లం ఉమ్మడిగా కొన్నాం. ఒకే ఒక కనెక్టరు కోసమైతే కిట్టు కొనడం దండగ, లైన్‌మ్యాన్‌కు రెండొందలు ఇచ్చి వేయించుకోవడమే మేలు.

షాపుల్లో ప్రొవైడర్ల పేర్లు ముద్రించిన పాత మోడెమ్‌లు నాలుగొందలకే చూపిస్తారు. తీసుకోవద్దు. వాటి సాఫ్ట్‌వేరు ఆ ప్రొవైడరుకే తాళం వేసి ఉంటుంది, వాటిలో చాలావరకు ప్రొవైడరు సొత్తే. కేబులు విషయంలోనూ అడిగి తీసుకోవాలి: రాగి పూత వేసిన అల్యూమినియం కాకుండా పూర్తి రాగిది. కత్తితో గీరి చూస్తే లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియమే.

కనెక్టరు రంగు మరిచిపోకూడదు. ఆకుపచ్చది ఏపీసీ, మొన 8 డిగ్రీల వాలుగా అరగదీసి ఉంటుంది. నీలంది యూపీసీ, వాలు లేదు. ఆకుపచ్చను నీలంలో గుచ్చితే లోపలికి పోతుంది గానీ మొనలు ఆనవు, వెలుగు సగానికి పైగా పోతుంది, మొనలు గీసుకుపోతాయి.

ఆదివారం

రోజంతా కనెక్టరు మీదే. మోడెమ్ మార్పిడిలో చెయ్యి తిరగాల్సిన పని ఇదొక్కటే.

స్తంభం నుంచి ఇంటికొచ్చే డ్రాప్ వైరు అడ్డంగా కోసి చూస్తే మూడు భాగాలు. బరువు మోసే ఉక్కు తీగ ఒక అంచున. దాని పక్కన నల్లటి చదును తొడుగు. తొడుగులో రెండు బలపు పుల్లల నడుమ వెంట్రుక లాంటి పోగు. ఆ పోగు పూతతో కలిపి 250 మైక్రాన్లు, పూత ఒలిస్తే గాజు 125 మైక్రాన్లు, అందులో వెలుగు నడిచే గుండె తొమ్మిది మైక్రాన్లు. ఆ తొమ్మిది మైక్రాన్లు కనెక్టరులోని పోగు గుండెకు ఎదురుగా రావాలి. పని మొత్తం దానికోసమే.

ఉక్కు తీగను ఓ జానెడు వెనక్కి చీల్చి కత్తిరించాం. తొడుగును 5 సెం.మీ. మేర రెండుగా చీల్చి వెనక్కి మడిచి కోశాం. ముందే కనెక్టరు వెనక మూతను వైరులోకి దూర్చి పెట్టుకోవాలి, మర్చిపోతే అంతా మళ్లీ మొదలు. ఒలిచే స్ట్రిప్పరును 45 డిగ్రీలు వంచి, నొక్కిపెట్టకుండా ఒక్క లాగులో పూత తీయాలి. తీశాక ఆల్కహాలు తడిపిన, నూలు రాలని గుడ్డతో రెండుసార్లు తుడవాలి. శుభ్రమైన గాజు గుడ్డ కింద కీచుమంటుంది. ఆ చప్పుడు వచ్చాక వేలు తగలనివ్వకూడదు.

క్లీవరు గాజును కోయదు. చిన్న చక్రంతో గీత గీసి, వంపు వల్ల విరిగేట్టు చేస్తుంది. అందుకే మొన అద్దంలా నున్నగా వస్తుంది. మా కనెక్టరుకు గాజు పొడవు 11 మి.మీ. ఉండాలి. ఇది బ్రాండును బట్టి మారుతుంది, ప్యాకెట్ మీద బొమ్మ చూసి వేసుకోవాలి. తెగిపడిన గాజు ముక్కలను చేత్తో ఏరవద్దు. సెల్లో టేపు అంటించి ఎత్తి, మూత ఉన్న సీసాలో వేశాం. చర్మంలో దిగితే కంటికి కనబడదు, పిల్లలు నేలమీద ఆడుకునే ఇల్లు.

మొదటి ప్రయత్నం. పోగును లోపలికి తోసి తాళం నొక్కాం. పవర్ మీటరును 1490 నానోమీటర్లకు పెట్టి, ఎందుకంటే ఓఎల్‌టీ నుంచి కిందికొచ్చే వెలుగు అది, కొలిస్తే మైనస్ 27.3. ముందుకన్నా ఘోరం. తీసి స్కేలు పెట్టి చూస్తే గాజు 10 మి.మీ. మాత్రమే ఉంది. ఫాస్ట్ కనెక్టరు లోపల ఫ్యాక్టరీలో అరగదీసిన చిన్న పోగు ముక్క ఒకటి ముందే ఉంటుంది, దాని వెనక జెల్లు చుక్క. మన పోగు వెళ్లి ఆ జెల్లులో దానికి ఆనాలి. మిల్లీమీటరు పొట్టిదైతే మధ్యలో ఖాళీ మిగిలి వెలుగు చెదిరిపోతుంది.

రెండో ప్రయత్నం కొత్త కనెక్టరుతో. ఒకసారి తాళం పడ్డదాన్ని మళ్లీ వాడితే జెల్లులో దుమ్ము చేరి ఉంటుంది. ఈసారి పోగు లోపల ఆనిన గుర్తుగా తొడుగు దగ్గర చిన్న విల్లులా వంగింది. ఆ వంపు కనబడ్డాకే తాళం వేయాలి, ఇదే అసలు గుర్తు. కొలత: మైనస్ 20.1. కనెక్టరును అటూ ఇటూ కదిపాం, వైరును కొద్దిగా లాగాం, అంకె 0.1 కూడా కదల్లేదు.

గోడ మూలలో పాత వైరును లంబకోణంలో మడిచి మేకు కొట్టి ఉన్నారు. ఇంటి డ్రాప్ వైర్లలో వాడే జీ.657.ఏ2 రకం పోగు 7.5 మి.మీ. వ్యాసార్ధం వరకూ వంపు ఓర్చుకుంటుంది గానీ, మేకు నొక్కుడును ఓర్చుకోదు. మేకు తీసి, మిగిలిన వైరును చేతివెడల్పు చుట్టగా చుట్టి వదులుగా కట్టాం. మైనస్ 19.8కి వచ్చింది. ఒక మేకు తింటున్న వెలుగు అది.

సోమవారం

కొత్త ఓఎన్‌యూకు వైరు పెట్టగానే లాస్ ఆరింది, పాన్ మిణుకు మొదలైంది. అది సహజం, దాని పేరు ఓఎల్‌టీకి ఇంకా తెలియదు. సీరియల్ నంబరు పంపాలి. ఇక్కడ పొరపాట్లు ఎక్కువ. జీపాన్ సీరియల్ నంబరు మొత్తం 12 గుర్తులు: తయారీదారు సంకేతం నాలుగు అక్షరాలు, తర్వాత ఎనిమిది గుర్తులు. కొన్ని స్టిక్కర్ల మీద అదే నంబరును 16 గుర్తులుగా అచ్చువేస్తారు, మొదటి నాలుగు అక్షరాలను కూడా అంకెలుగా మార్చి. హెచ్‌డబ్ల్యూటీసీ అని మొదలయ్యేది 48575443 అని మొదలవుతుంది, రెండూ ఒకటే. చివరి ఎనిమిదింటిలో 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ వరకే ఉంటాయి, కాబట్టి అక్కడ గుండ్రంగా కనిపించేది ఎప్పుడూ సున్నాయే, ఓ అక్షరం కాదు. 8నీ బీనీ కంటితో పొరపడతాం, బీనీ డీనీ ఫోనులో చెవితో పొరపడతాం. స్టిక్కరు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే గొడవ లేదు.

పొద్దున 10:40కి ఫొటో పంపాం, 11:15కి పాన్ నిలబడింది. స్థితి ఓ5, అంటే రిజిస్ట్రేషన్ పూర్తయింది. అందుకునేది మైనస్ 19.9, పంపేది 2.4, బయాస్ 11. ఫొటో తీసి దాచాం.

పాన్ నిలబడితే సగం పనే అయినట్టు. ఓఎన్‌యూను బ్రిడ్జ్‌లో పెట్టి, ప్రొవైడరు ఇచ్చిన వీలాన్ నంబరు అందులో వేసి, రూటరులో పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చాం. కనెక్ట్ కాలేదు. రూటరు లాగ్‌లో ఒకటే వాక్యం మళ్లీ మళ్లీ: పాడీ (కనెక్షన్ కోసం వేసే మొదటి పిలుపు) పంపాను, జవాబు లేదు. వెతికితే, రూటరులోనూ వీలాన్ నంబరు వేసి ఉంది. రూటరు ఒక ముద్ర వేసి పంపుతోంది, ఓఎన్‌యూ ముద్ర లేని ప్యాకెట్ కోసం చూస్తోంది. వీలాన్ ముద్ర ఒక్కచోటే పడాలి. రూటరులోది తీసేశాక జవాబు వచ్చింది, కానీ ఈసారి లాగిన్ తిరస్కరణ. పాస్‌వర్డ్ మూడుసార్లు సరిచూశాం, సరైనదే. స్థానిక ప్రొవైడర్లు చాలామంది అకౌంటును పాత మోడెమ్ మ్యాక్ నంబరుకు, అంటే ఆ పెట్టె గుర్తింపు నంబరుకు, ముడివేసి ఉంచుతారు. ఫోను చేసి ఆ ముడి తీయమన్నాం. రెండు నిమిషాల్లో తీశారు, రూటరు పది సెకన్లలో కనెక్ట్ అయింది.

ఈ రెండు తప్పులనూ లాగ్ చూసి విడదీయవచ్చు. జవాబే రాకపోతే వీలాన్ దగ్గరో బ్రిడ్జ్ దగ్గరో లోపం. జవాబు వచ్చి తిరస్కరిస్తే అకౌంటు దగ్గర లోపం.

ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు, 1492 పెట్టాం. పీపీపీఓఈ ప్రతి ప్యాకెట్‌లో ఎనిమిది బైట్లు తీసుకుంటుంది. సరిచూడటానికి, ముక్కలు చేయవద్దన్న షరతుతో పింగ్: 1464 బైట్లు వెళ్లింది, 1465 వెళ్లలేదు. 1464కు 28 బైట్ల తలకట్టు కలిపితే 1492. లెక్క సరిపోయింది. ఇది తప్పుంటే మామూలు పేజీలు తెరుచుకుంటూ, కొన్ని బ్యాంకు సైట్లూ ఆఫీసు వీపీఎన్ మాత్రం సగంలో ఆగిపోతాయి. కారణం దొరక్క వారాలు పోతాయి.

రూటరుకు వచ్చిన అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్యది. అంటే చాలా ఇళ్లకు కలిపి ఒకే బయటి అడ్రసు. ఇంటి కెమెరాకు బయటినుంచి పోర్టు తెరుద్దామంటే ఈ లైనులో కుదరదు.

మంగళవారం

హాల్లో రూటరు పెట్టాక స్పీడు టెస్టు 94 ఎంబీపీఎస్. ప్లాను 200. ఈ 94 అన్న అంకెను చూడగానే గుర్తుపట్టాలి. 90 నుంచి 95 మధ్య స్థిరంగా ఆగిందంటే ఎక్కడో ఒక లింకు గిగాబిట్ కాకుండా 100 దగ్గర కుదిరింది. గిగాబిట్‌కు కేబులులోని నాలుగు జతలూ కావాలి. 100కు 1, 2, 3, 6 పిన్నులు చాలు. కాబట్టి తెగింది 4, 5, 7, 8లో ఒకటి. ఒకవైపు ప్లగ్గును వెలుతురుకు పట్టి చూస్తే గోధుమరంగు తీగ చివరిదాకా పోకుండా మిల్లీమీటరు ముందే ఆగి ఉంది. ప్లగ్గు కోసి కొత్తది క్రింప్ చేశాం. ఎడమనుంచి వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. లింకు గిగాబిట్‌కు వచ్చింది, స్పీడు 203.

వైఫైకి పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టాం. ఫోన్లు, టీవీ, గీజరు స్మార్ట్ ప్లగ్గు అన్నీ తామే వచ్చి చేరాయి. భద్రత డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ మీద ఉంచాం, పాత స్మార్ట్ ప్లగ్గులకు డబ్ల్యూపీఏ3 అర్థం కాదు. 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఛానెల్ 11, వెడల్పు 20 మెగాహెర్ట్‌జ్. ఈ వీధిలో పదుల సంఖ్యలో వైఫైలు కనిపిస్తుంటే 40 పెట్టడం పక్కవాళ్లతో తగువే. 5 గిగాహెర్ట్‌జ్‌లో అందరూ 36 మీద గుమిగూడి ఉన్నారు, 149కి మారాం.

బెస్కామ్ కరెంటు పోయినప్పటి కోసం చిన్న యూపీఎస్. ఓఎన్‌యూ, రూటరు కలిపి 12 వాట్లు తీసుకుంటున్నాయి. మూడు 2,000 ఎంఏహెచ్ లిథియం సెల్సులో 22 వాట్-అవర్లు, నష్టం పోగా 19. గంటన్నర వస్తుంది. డబ్బా మీద నాలుగు గంటలని రాసి ఉన్నా లెక్క ఇదే.

తర్వాతి మంగళవారం

వారంలో రీస్టార్ట్‌లు సున్నా. ఓఎన్‌యూ గోడకు, చుట్టూ అరచేతి ఖాళీతో, వేడి 47 డిగ్రీలు. శుక్రవారం పెద్ద వాన పడిన రాత్రి అందుకునే వెలుగు మైనస్ 20.2, మర్నాడు మళ్లీ మైనస్ 19.9. స్తంభం డబ్బాలోకి తేమ చేరుతున్నట్టుంది, టెక్నీషియన్‌కు చెప్పాం.

పాత మోడెమ్ ప్రొవైడరు సొత్తు, డిపాజిట్ ఉంది, తిరిగి ఇచ్చాం. ఇచ్చే ముందు మంచి అడాప్టరుతో ఆన్ చేసి రీసెట్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టాం. లేజర్ పోయినా లోపలి మెమరీ బతికే ఉంటుంది, వైఫై పాస్‌వర్డూ పీపీపీఓఈ వివరాలూ అందులోనే ఉంటాయి. పాడైన అడాప్టరు ఈ-వేస్ట్ సంచిలోకి పోయింది.

ఓఎన్‌యూ పక్కన గోడమీద చిన్న కాగితం అంటించాం: సీరియల్ నంబరు, వీలాన్, కనెక్టరు ఏపీసీ, కొత్తగా వేసిన తేదీ, ఆనాటి వెలుగు మైనస్ 19.9, అడాప్టరు 12 వోల్టులు 0.5 ఆంపియర్.